అద్దెయింటి వేడిమి యెవరి భారము?

ఇంగ్లండు, వేల్సులలో నిల్లు విక్రయించువాడును, అద్దెకిచ్చువాడును ఆ యింటి యింధనవ్యయమును దెలుపు యోగ్యతాపత్రమును చూపవలసియున్నది. విక్రయముల విషయమున 2007 లోను, అద్దెల విషయమున 2008 లోను ఈ నిబంధన అమలులోనికి వచ్చినది. పరీక్షకుడు వచ్చి గోడలు, కప్పు, కిటికీలు, నీళ్లు కాచు సాధనము చూచి, యింటిని 'ఏ' మొదలు 'జి' వరకు గల యేడు తరగతులలో నొకదాన చేర్చును. పత్రము పదియేండ్లు చెల్లును.

పత్రము వ్రాసినంతమాత్రమున నిల్లు బాగుపడదు. ఇంటిని బాగుచేయగలవాడు యజమానుడు. బిల్లు చెల్లించువాడు అద్దెకున్నవాడు. లాభము తనది కానప్పుడు యజమానుడు సొమ్మేల వెచ్చించును? ఈ చిక్కును గుర్తించియే యచ్చటి ప్రభుత్వము 'ఇ' తరగతికి దిగువనున్న యిండ్లను క్రొత్తగా అద్దెకీయరాదని 2018 లో శాసించి, 2020 లో పాత యద్దెలకును దానిని వర్తింపజేసినది. కాని యజమానుడు 3,500 పౌనులకు మించి వ్యయము చేయనక్కరలేదని 2019 లో హద్దు పెట్టి మినహాయింపులకు దారి యిచ్చినది. పత్రములోని లెక్కయు సామాన్య కుటుంబమును బట్టి వేసిన యంచనాయే. ఇన్ని లోపములున్నను, ఇల్లు చేరకముందే దాని గుణము తెలిసికొను హక్కు అచ్చటి ప్రజలకు గలదు.

మన దేశమున నది లేదు. గదిని చల్లబరచు యంత్రమునకు 2010 నుండి నక్షత్రముల చీటీ విధియైనది. ఆ యంత్రమును రేయింబవళ్లు త్రిప్పించు కాగిన డాబాకు మాత్రము చీటీ లేదు! కేంద్రప్రభుత్వము 2018 లో 'ఎకో నివాస్ సంహిత'ను ప్రకటించినది. గోడలు, కిటికీల ద్వారా వచ్చు వేడిమి చదరపు మీటరునకు 15 వాట్లు మించరాదనియు, ఉక్కపోతగల ప్రాంతములలో తెరువ వీలగు కిటికీల వైశాల్యము నేలలో నారవవంతుండవలెననియు నందు గలదు. (మండువా లోగిళ్లు కట్టిన మన తాతలకు గాలి సంగతి యే సంహితయు చెప్పలేదు.) అయితే నది 500 చదరపు మీటర్లకు తక్కువగాని స్థలములలోని క్రొత్త కట్టడములకే యుద్దిష్టము. తెలంగాణ ప్రభుత్వము 2023 లో ప్రకటించిన చల్లని కప్పుల విధానము మెచ్చదగినదే. అదియు 600 చదరపు గజములకు లోపలి నివాసముల విషయమున ఐచ్ఛికమని విడిచినది.

హైదరాబాదులోగాని విజయవాడలోగాని పై యంతస్తు వాటాలో, శ్లాబు క్రింద మే నెల గడపు గుమాస్తా యే 600 గజముల మేడలో నున్నాడు? డాబాపై సున్నము పూయించుటకైన వానికి అధికారము లేదు. ఇంగ్లండు పరీక్ష చలికై యేర్పడినది. దానిని యథాతథముగా దిగుమతి చేసికొనుమని మేము కోరము. కప్పుపై తెల్లపూత కలదా, పడమటి గోడకు నీడ కలదా, కిటికీలు ఎదురెదురుగా నున్నవా యను మూడు ప్రశ్నలకు యజమానుడు అద్దె యొడంబడికలోనే సంతకముతో సమాధానమిచ్చునట్లు ఉభయ తెలుగు రాష్ట్రముల శాసనసభలును విధింపవలెను. ఆ చీటీ తెలుగులో నుండవలెను. ఇంటిపన్నుకై కొలతలు తీయు పురపాలక సంఘములే దీనిని తనిఖీ చేయవచ్చును.