కల్లు, సిర్కా, క్లోరలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో తాటి, ఈత చెట్ల కల్లు గీత ఒక ముఖ్యవృత్తి. ఉదయము లొట్టి దించినపుడు తీయగానుండు కల్లు కొన్ని గంటలకే ఘాటెక్కును. మరునాటికి నోట పెట్టరానంత పుల్లనగును. ఈ మార్పులకు కారణమేమి?

తాటి పూగెలనుండి కారు తాజా రసములో సుమారు 12 శాతము చక్కెర ఉండును. గాలిలోను, లొట్టిలోను ఉండు ఈస్టు కణములు ఆ చక్కెరను ఇథైల్ ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. కల్లుపై నురగ ఈ వాయువు వలననే కలుగును. లొట్టిలోపల సున్నము పూసినచో ఈస్టు పని మందగించి, రసము తీయగనే నిలుచును. అదియే నీరా.

తరువాతి పని ఎసిటోబాక్టర్ అను సూక్ష్మజీవులది. వీనికి గాలి అవసరము. ఇథైల్ ఆల్కహాలు అణువులో కర్బన పరమాణువులు 2, ఉదజని పరమాణువులు 6, ఆమ్లజని పరమాణువు 1 ఉండును. రెండు ఉదజని పరమాణువులు తొలగగా అది ఎసిటాల్డిహైడు అగును. దానికి మరియొక ఆమ్లజని పరమాణువు చేరగా ఎసిటిక్ ఆమ్లమగును. సిర్కా పుట్టుటకు సూక్ష్మజీవులే కారణమని 1860 దశకములో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ నిరూపించెను.

సిర్కాలో సాధారణముగా 4, 5 శాతము ఎసిటిక్ ఆమ్లముండును. ఈ ఆమ్లము పదార్థములను కుళ్ళించు సూక్ష్మజీవులను పెరుగనీయదు. వంటయింటనే గాక పరిశ్రమలలోను దీనికి పని కలదు. సిరిసిల్ల మరమగ్గములపై నేయునట్టి పాలియెస్టరు వస్త్రములకు రంగు వేయునపుడు, రంగునీటిని కొద్దిపాటి ఆమ్లగుణముతో ఉంచుటకు దీనిని వాడుదురు. నీరు కలియని ఎసిటిక్ ఆమ్లము 16.6 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకట్టును. చలికాలపు ఉదయము ప్రయోగశాలలోని సీసాలో అది మంచువలె కనిపించుటకు కారణమిదియే.

ఇక ఎసిటాల్డిహైడునకు గల మరియొక బంధువును చూడుడు. దానిలోని నాలుగు ఉదజని పరమాణువులలో మూటికి బదులుగా క్లోరిను చేరినచో క్లోరలు అగును. జర్మన్ రసాయనికుడు లీబిగ్ 1832లో దీనిని తయారుచేసెను. క్లోరలు నీటితో కలిసి క్లోరల్ హైడ్రేటు అగును. 1869 నుండి వైద్యులు దానిని నిద్రమందుగా వాడిరి. కల్లు చాలనిచోట నీటిలో ఈ మందు కలిపి మత్తు కలిగించుటయే కల్తీ. ఆల్కహాలుతో కూడినపుడు ఇది మరింత ప్రమాదకరము. శ్వాస మందగించి ప్రాణము పోవచ్చును. 2015లో తెలంగాణలో కల్తీపై కట్టుదిట్టములు పెరిగినపుడు, ఆ మత్తుకు అలవాటుపడినవారు పలువురు వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలైరి. అలవాటైన శరీరము హఠాత్తుగా మానుటను తట్టుకొనలేదు. వైద్యుని పర్యవేక్షణ అవసరము.

క్లోరల్ హైడ్రేటును పిరిడీను, సోడియము హైడ్రాక్సైడులతో కలిపి వేడిచేసినచో ఎరుపురంగు వచ్చును. ఈ పరీక్షను శిక్షణ పొందినవారే చేయవలెను. తరగతిలో సిర్కాను నీలి లిట్మసుతోను, వంటసోడాతోను పరీక్షించిన చాలును: కాగితము ఎర్రబారును, సోడా పొంగును. అయితే ఈ పరీక్షలు ఆమ్లమును మాత్రమే తెలుపును. పులుపును బట్టి కల్లు స్వచ్ఛతను నిర్ణయింపరాదు.