నరాల బలహీనత అంటే నలుగురూ వింటారు

నేత, కలంకారీ అద్దకం మీద బతికే పెడనలో ఎవరినైనా "మనసు బాగాలేదా?" అని అడిగితే చిరాకుపడతారు. అదే "నరాల బలహీనత", "గుండె దడ", "నిద్ర పట్టట్లేదు" అన్నారంటే వీధి వీధంతా తలో సలహా ఇస్తుంది. మందుల షాపులో టానిక్కు, బలానికో ఇంజెక్షను, అప్పటికీ తగ్గకపోతే గాలి సోకిందేమోనని తాయెత్తు. డాక్టరు దగ్గరకు చేరేసరికి నెలలు గడిచిపోతాయి.

వానలు పట్టుకుంటే గుంటమగ్గంలోకి నీరు ఊరుతుంది. కాళ్లు దించి తొక్కుళ్లు తొక్కాల్సిన గుంట తడిస్తే నేత ఆగినట్టే. అద్దిన కలంకారీ గుడ్డ ఆరాలన్నా ఎండ కాయాలి. పని ఆగినా వడ్డీ ఆగదు. అప్పుల దిగులుతో రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి పోయి, ఇష్టమైన పని మీద కూడా మనసు నిలవకపోతే అది కుంగుబాటు కావచ్చు, డాక్టరుకు చూపించాలి. మాత్రలు అప్పు తీర్చవు, నిజమే. కానీ జబ్బు తగ్గితే అప్పు సంగతి ఆలోచించే ఓపిక వస్తుంది. నేతన్నకు కూలి గిట్టుబాటు కాకుండా కౌన్సెలింగ్ ఒక్కటే ఇస్తే సరిపోతుందని మాత్రం నేననను.

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. వారిలో నూటికి 80 మందికి పైగా చికిత్స అందడం లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లోనే మొదలైంది. తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. అయినా సేవలు చాలావరకు జిల్లా ఆసుపత్రి గడప దగ్గరే ఆగిపోయాయి. పెడన నుంచి జిల్లా కేంద్రం బందరు పది కిలోమీటర్లు అటూ ఇటూ. బస్సు ఛార్జీ ఎలాగోలా పెట్టుకోవచ్చు, పోయిన రోజు కూలి ఎవరిస్తారు? పైగా "పిచ్చి డాక్టరు" గది ముందు తెలిసినవాళ్లు చూస్తారన్న బెంగ.

జింబాబ్వేలో సైకియాట్రిస్టు డిక్సన్ చిబాండా 2006లో వేరే దారి పట్టాడు. ఊళ్లోని అవ్వలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్ బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు. వాళ్లతో మాట్లాడినవారిలో ఆరు నెలలకు కుంగుబాటు లక్షణాలు బాగా తగ్గాయని 2016లో వెలువడిన అధ్యయనం తేల్చింది. మనకు ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలున్నారు. బీపీ, షుగరు అడిగినట్టే నిద్ర గురించి, దిగులు గురించి అడిగేలా వాళ్లకు శిక్షణ ఇవ్వాలి, ఆ పనికి తగ్గ డబ్బూ ఇవ్వాలి. మానసిక చికిత్స పొందడం ప్రతి ఒక్కరి హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

అంతవరకూ ఫోను ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్ వింటారు, అవసరమైతే డాక్టరుకు కలుపుతారు. మీ ఇంట్లో ఎవరైనా రాత్రుళ్లు మేలుకునే ఉంటున్నా, బతకాలని లేదంటున్నా ఆలస్యం చేయకండి. వాళ్లను ఒంటరిగా వదలకుండా, పక్కన కూర్చుని మీరే ఆ నంబరుకు చేయండి.