కాడి కట్టిన అణువులు

మంజీరా తీరమునందలి బోధను, కోటగిరి పల్లెలలో ఉప్పునీటి బావిగట్టున బట్టలుతుకు ఇల్లాలికి, ఎంత సబ్బు రుద్దినను నురగ లేవక, తెల్లని తెట్టు మాత్రము నీటిపై తేలి, ఆరిన పిమ్మట చీరకు జిడ్డుగా అంటియుండుట తెలియని సంగతి కాదు; అదే నీటిలో కుంకుడుకాయ చితుకగొట్టి పిసికినచో నురగకు కొదువ యుండదు. సబ్బు నీట కరగినంతనే సోడియము విడివడి, మిగిలిన కొవ్వుభాగము ఋణావేశము దాల్చును; బావినీటిలోని కాల్షియము, మెగ్నీషియముల ధనావేశము దానిని పట్టుకొని కరగని పదార్థముగా మార్చివేయును. కుంకుడులోని సాపోనినులకు చక్కెర భాగములే ప్రధానముగా శిరోభాగమగుటచే ఆ చిక్కు అంతగా లేదు.

ఇట్టి పదార్థములన్నిటికిని శాస్త్రజ్ఞులు సర్ఫాక్టెంట్లని పేరు పెట్టిరి. ప్రతి అణువునకు నీటిని కోరు తల యొకటి, నీటిని రోయు తోక యొకటి. నీటిపై ఇవి తోకలు గాలివైపునకు త్రిప్పి నిలిచి తలతన్యతను తగ్గించును. ఉపరితలము నిండిన పిమ్మట, మిగిలినవి తోకలు లోపల దాచుకొని తలలు వెలుపల ఉంచి గుంపులు కట్టును. ఈ గుంపులే మిసెల్‌లు; బట్టలోని జిడ్డు చేరునది వీటి గర్భములోనికే. షాంపూలలో విరివిగా వాడు సోడియం లారిల్ సల్ఫేటు లీటరు నీటికి రమారమి 2.4 గ్రాములు చేరినగాని గుంపు కట్టదు.

నూనెను క్షారముతో కలిపి పని చేయించుకొనుట తెలుగు నేతగాండ్రకు క్రొత్త కాదు. మొదట చీరాలలోను, పిమ్మట పుట్టపాకలోను తేలియా రుమాలు నేయువారు ఆముదపుకాయల బూడిదనుండి తీసిన క్షారమును నూనెతో చేర్చి, అందులో నూలును దినముల తరబడి నానవేసి, పిసికి, ఎండబెట్టి, అటుపై అలిజరిన్ ఎరుపు అద్దుదురు; రసాయనము తెలియకయే వారు చేయుచున్నది ఋణావేశముగల సర్ఫాక్టెంటునే. ఐరోపావారు పందొమ్మిదవ శతాబ్దమున ఆముదమునకు గంధకామ్లము చేర్చి టర్కీ రెడ్ ఆయిల్ అను ద్రవ్యమును చేసి, అద్దకములోనే వాడిరి. సబ్బు తరువాత మానవుడు చేసిన సర్ఫాక్టెంట్లలో మొదటివానిలో అది యొకటి. పిమ్మట పెట్రోలియమునుండి వచ్చినది, మన చిన్న డిటర్జెంటు కర్మాగారములవారు యాసిడ్ స్లర్రీ అని పిలుచునది. ఉప్పునీట సబ్బుకంటె మేలుగా నిలుచుటయే దాని ప్రఖ్యాతికి మూలము.

ఇన్ని మారినను అణువుయొక్క ఆకృతి మాత్రము చిరకాలము మారలేదు: ఒక తల, ఒక తోకయే. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయమున మెంగర్, లిట్టౌ అనువారు 1991లో, రెండు సర్ఫాక్టెంట్లను తలలయొద్ద చిన్న గొలుసుతో ముడివేసిన జాతికి మిథునరాశి పేరుమీదుగా జెమినై అని పేరిడిరి. అట్టి జంటలను అంతకు మునుపే 1971లో బంటన్ మొదలగువారు పరిశీలించియుండిరి, ఋణావేశము గలవానిని జపానులో ఒకహరా బృందము తయారుచేసినది. కట్టు విప్పిన ఎడ్లు రెండు తమ ఇష్టము వచ్చినంత ఎడముగా మేయును. కాడి మెడపై పడినచో ప్రక్కప్రక్కనే నడువక తప్పదు. ఒకే ఆవేశము గల తలలును విడిగా ఉన్నప్పుడు పరస్పరము వికర్షించుకొని దూరముగా నిలుచును. గొలుసు బిగించినచో ఆ దూరము తగ్గి, తోకలు ఒత్తుగా సర్దుకొనును. గొలుసు పొట్టిదైనచో గుండ్రని గుంపులకు మారుగా పొడవైన దారపు గుంపులు పుట్టి నీరు చిక్కబడుటయు గలదు.

ఇంతకంటె ఆశ్చర్యకరమైనది, గుంపుకట్టుటకు కావలసిన పరిమాణము. తోకలు రెండు ఒక్కసారిగా నీటిని వీడుటచే ఆ మితి కొన్నిటిలో నూరవ వంతునకో, అంతకును తక్కువకో దిగజారును. బ్రూక్లిన్ కళాశాలకు చెందిన రోజెన్ 1993లో ప్రచురించిన వ్యాసమునందలి ఉదాహరణలలో లీటరుకు గ్రాముల లెక్క మిల్లీగ్రాముల లెక్కయైనది. మరియు వీనిలో పెక్కు చల్లనీటిలోను సులభముగా కరగును. ఐతే తోకను ఎంత పొడిగించిన అంత మేలని ఆశించుట పొరపాటు: ఒక హద్దు దాటిన పిమ్మట అవి ఉపరితలమునకు రాకయే ముందుగా లోలోపల చిన్న గుంపులై, పనికి దూరమగును.

ఉప్పుతో నిండిన చమురుభూములలో ఇసుకరాళ్లకు పట్టియున్న ముడిచమురును కదలించుటకు ఇవి తగినవని పరిశోధకుల ఆశ. అద్దకములో, కాస్టిక్ సోడాలో, బ్లీచింగు ద్రావణములో చెడని డైఫినైల్ ఆక్సైడ్ డైసల్ఫోనేట్లు అను జంటతలల మిశ్రమము బజారులో చిరకాలముగా ఉన్నదే. ఆ మిశ్రమములో నిజముగా రెండు తోకలు గలది కొంత భాగమే. జెమినైల విడి అణువులు నీటిలో స్వల్పముగా మిగులుటచే చర్మమునకు చికాకు తక్కువ యని కూడ చెప్పుదురు.

ఇక శక్కర్‌నగరులోని నిజాం చక్కెర కర్మాగారము వంటి చోట్ల (1937లో వెలసి, 2015లో మూతపడిన ఆ కర్మాగారమును తలచకుండ బోధను మాట పూర్తికాదు) చివరి పాకము పానులో చిక్కబడి స్ఫటికము కదలనప్పుడు సర్ఫాక్టెంటుతో చిక్కదనము తగ్గించుట చక్కెర పరిశ్రమకు తెలిసిన ఉపాయమే. అందులకు అమెరికావారు అనుమతించినవానిలో ఒకటి గ్లూకోజు ఉత్పన్నమును కొబ్బరినూనెతో చేర్చిన ఆవేశములేని జాతి. తినుపదార్థమును తాకు చోట జంట సల్ఫోనేట్లకు ప్రవేశము దొరకుట నా దృష్టిలో ఇప్పటికి కల్ల. జెమినైల తయారీలో మెట్లు హెచ్చుటచే ధరయు హెచ్చు. ఆ భారము తగ్గించుటకై నూనెల కొవ్వు ఆమ్లములనే తోకలుగ గ్రహించి, నడిమి గొలుసులో సూక్ష్మజీవులు తుంచగల ఎస్టర్ బంధమును ఇమిడ్చి, వాడిన పిమ్మట నేలలో శిథిలమగునట్లు చేయు యత్నములు సాగుచున్నవి.