చేపల పడవ జోలికి యుద్ధం పోకూడదు

బారువలో మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు నుంచి వేటకు కదిలే తెప్పకు, చిన్న బోటుకు ఓ పాత హక్కుంది. యుద్ధం వచ్చినా శత్రునౌక దాన్ని పట్టుకుని తన సొత్తు చేసుకోకూడదు. ఈ కట్టుబాటుకు ఆరొందల ఏళ్లు దాటాయి. జాలర్లను వదిలేయమని ఇంగ్లండు రాజు నాలుగో హెన్రీ 1403లోనే తన నౌకాధికారులకు ఉత్తర్వులిచ్చాడు.

ఆచారం సరే, కోర్టులో నిలబడుతుందా? 1898లో స్పెయిన్‌తో యుద్ధం చేస్తూ అమెరికా నౌకాదళం క్యూబా దగ్గర ‘పకేటే హబానా’, ‘లోలా’ అనే చేపల పడవలను పట్టుకుంది. పకేటేలో ఉన్నది ముగ్గురే. పట్టిన చేపలింకా బతికే ఉన్నాయి. ఒక పడవను 490 డాలర్లకు, రెండోదాన్ని 800కు వేలం వేసేశారు. 1900 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో తప్పుబట్టింది. ఒప్పందం గాని, దేశీయ చట్టం గాని లేనిచోట దేశాల ఆచారమే తమ చట్టమని తేల్చి, పడవలు, చేపలు అమ్మిన సొమ్ముతోపాటు నష్టపరిహారం కూడా ఇమ్మంది. 1907లో హేగ్‌లో ఆ ఆచారం కాగితానికెక్కింది. పడవ యుద్ధంలో చెయ్యి పెడితే మాత్రం రక్షణ పోతుంది.

మన దగ్గర ఇలాంటి మాట చెప్పింది ఓ తెలుగు న్యాయమూర్తి, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. పార్లమెంటు చట్టానికి అడ్డురానంత వరకు అంతర్జాతీయ ఆచారం మన చట్టంలో కలిసిపోతుందన్నారు, 1984లో. తమాషా ఏమిటంటే ఆ కేసులో యుద్ధమూ లేదు, పడవా లేదు. సింగపూర్ నుంచి కలకత్తా మీదుగా నేపాల్ వెళ్తున్న పాటల క్యాసెట్ల తగాదా అది!

రాసుకున్న చట్టం ఉంటే చాలదా అంటారా? యుద్ధ బాధితులను కాపాడే జెనీవా ఒప్పందాల కోసం 1960లో చట్టం చేసుకున్నాం. దాని కింద నేరం విచారించాలంటే ప్రభుత్వమో, అది నియమించిన అధికారో ఫిర్యాదు చేయాలి, బాధితుడు నేరుగా కోర్టు మెట్లెక్కలేడు. గోవా మతగురువు మాంటీరో కేసులో 1969లో సుప్రీంకోర్టు కూడా ఈ చట్టం వ్యక్తులకు విడిగా హక్కులు ఇవ్వదనే చెప్పింది. ఆ ఒప్పందాలకు 1977లో చేర్చిన రెండు అదనపు ప్రోటోకాల్స్‌లో భారత్ చేరలేదు. అందుకే ఆచారానికి ఇక్కడ అంత బరువు. రెడ్‌క్రాస్ 2005లో యుద్ధానికి సంబంధించిన అలాంటి ఆచార నియమాలను 161గా కూర్చింది.

ఇంతా చేస్తే ఇదంతా యుద్ధకాలపు మాట. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లిన శ్రీకాకుళం తదితర జిల్లాల జాలర్లను పాకిస్తాన్ పట్టుకున్నప్పుడు యుద్ధం లేదు, ఆ ఆచారమూ అక్కరకు రాలేదు. 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరారు. ‘తండేల్’ సినిమాకు మూలం వాళ్ల గోడే. తీరానికి దూరంగా ఉండే ఆర్థిక మండలంలో చేపల నేరానికి, దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలు వేయకూడదని సముద్ర న్యాయ ఒప్పందం 73వ అధికరణం చెబుతోంది. ‘మా తీరజలాల్లోకే వచ్చారు’ అని ఎదుటి దేశం అన్నదంటే ఆ అధికరణం పనిచేయదు. మన 1981 చట్టం తీరూ అంతే: విదేశీ పడవ మన తీరజలాల్లో చేపలు పడితే మూడేళ్ల దాకా జైలు, ఆవల ఆర్థిక మండలంలో పడితే జరిమానా.