భూగోళశాస్త్ర విద్యార్థులకు ప్రయోగశాల: మదనపల్లె, పుంగనూరు, కుప్పం పీఠభూమి

అంగళ్లు: ఉమ్మడి చిత్తూరు జిల్లాలో "పడమటి మండలాలు"గా వ్యవహరించే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం విద్యాసంస్థలకు చిరకాలంగా నెలవు. మదనపల్లెలో 1915లో అనిబిసెంట్ స్థాపించిన బి.టి. కళాశాల, కురబలకోట మండలం అంగళ్లులో 1998లో ఆరంభమైన సాంకేతిక విద్యాసంస్థ మిట్స్, కుప్పంలో 1997లో ఏర్పాటైన ద్రావిడ విశ్వవిద్యాలయం ఇందుకు నిదర్శనాలు. అయితే భూగోళశాస్త్రాన్ని విశ్వవిద్యాలయ స్థాయిలో అభ్యసించదలచిన ఇక్కడి విద్యార్థులు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వైపో, అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వైపో చూడవలసి ఉంటుంది. ఆ విభాగాల విద్యార్థులు సాధించే పట్టాలు, జాతీయ అర్హత పరీక్షలో (యూజీసీ నెట్) ఉత్తీర్ణతలు పత్రికలలో రెండు వాక్యాల వార్తలుగా వచ్చి పోతుంటాయి. వారు నేర్చే విద్య ఈ నేలకు ఏ విధంగా అక్కరకు వస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సముద్రమట్టానికి 1,265 మీటర్ల ఎత్తున ఉన్న హార్సిలీ హిల్స్ మీద నిలిచి చూస్తే ఈ ప్రాంత స్వరూపం అర్థమవుతుంది. గట్టి నల్లరాతి గుట్టలు, వాటి మధ్య పలుచని ఎర్రనేలలు, ప్రతి పల్లం వద్ద ఒక చెరువు కనిపిస్తాయి. మదనపల్లె పట్టణాన్ని ఆనుకుని పారే బాహుదా నది, పింఛాతో కలిసి చెయ్యేరుగా మారి పెన్నలో చేరుతుంది. పుంగనూరు, పలమనేరు వైపు నీరు కౌండిన్య ద్వారాను, కుప్పం వైపు నీరు నేరుగాను పాలారుకు చేరి తమిళనాడుకు పోతుంది. అనగా ఒకే పీఠభూమి మీద కురిసిన వాన కొంత ఉత్తరాన పెన్నకు, కొంత దక్షిణాన పాలారుకు పంపకమవుతోంది. ఈ నీటి విభజన రేఖ జిల్లా సరిహద్దులను గాని, రాష్ట్ర సరిహద్దులను గాని లెక్కచేయదు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లగా, కుప్పం, పుంగనూరు చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయాయి. దస్త్రాలు విడిపోయినా వంకల దారి మారలేదు.

ఈ విషయాన్ని ఉపేక్షించరాదనడానికి 2021 నవంబరు నాటి విపత్తు చాలును. ఆ నెల ఎగువన కురిసిన భారీ వర్షాలకు బాహుదా పొంగి మదనపల్లెలో లోతట్టు ప్రాంతాలు మునిగాయి. పింఛా జలాశయానికి వరద పోటెత్తింది. నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున రాజంపేట సమీపంలో చెయ్యేరుపై గల అన్నమయ్య జలాశయం మట్టికట్ట కొట్టుకుపోయింది. దిగువన ఉన్న పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేట వంటి గ్రామాలు నిద్రలోనే వరద పాలయ్యాయి. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఎగువన పడిన వాన దిగువకు ఎన్ని గంటలలో చేరుతుంది, దారిలో ఏ చెరువు నిండితే ఏ ఊరికి ముప్పు అన్న ప్రశ్నలు భూగోళశాస్త్ర విభాగాలలో మొదటి సంవత్సరంలో చెప్పే పరీవాహక ప్రాంత పాఠంలోనివే. ఆ పాఠం తరగతి గది దాటి తహసీల్దారు కార్యాలయానికి చేరవలసి ఉన్నది.

విద్యార్థి పని ఎలా సాగుతుందో పాత్రికేయ మిత్రుల సౌకర్యార్థం క్లుప్తంగా వివరించవచ్చు. భారత సర్వేక్షణ సంస్థ వారి పటాలలో మదనపల్లె, పుంగనూరు 57 కె అనే విభాగంలోను, కుప్పం 57 ఎల్‌లోను వస్తాయి. ఒక్కొక్క విభాగంలో పదహారు టోపో షీట్లు ఉంటాయి. వాటిలో ఒక కిలోమీటరు నేల రెండు సెంటీమీటర్లలో ఒదుగుతుంది. పాత షీటులోని చెరువు హద్దును, వంకను గుర్తించి, దానిపై ఉపగ్రహ చిత్రాన్ని పరచి, ఆ తరువాత స్వయంగా నడిచి సరిచూసుకోవాలి. చెరువు కట్ట, తూము, మొరవ, ఆయకట్టు, ఎగువ చెరువు మొరవ నీరు దిగువ చెరువుకు చేరే కాలువ - వీటిలో ఏది చెడినా గొలుసుకట్టు తెగినట్లే. ఉపగ్రహ చిత్రంలో కనపడని సంగతులు అనేకం. తూము ఎప్పుడు ఎత్తేవారో, ఎవరి పొలానికి ముందు నీరు పారేదో నీరుగంటి కుటుంబాలలోని పెద్దలే చెప్పగలరు. కంప్యూటర్ ముందు కూర్చుని పూర్తిచేసిన లఘు పరిశోధన కన్నా, నీరుగంటిని అడిగి రాసిన పది పుటలకు విలువ ఎక్కువ.

హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం 2009లో ప్రారంభించిన భువన్ వేదిక ద్వారా చిత్రాలు విద్యార్థులకు అందుబాటులోకి వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పటాల తయారీపై పాత ఆంక్షలను సడలించడంతో, అనుమతుల కోసం నిరీక్షించే అవస్థ చాలావరకు తీరింది. పరికరాల కొరత ఇక పెద్ద సాకు కాబోదు.

ఈ ప్రాంతంలో తాజా పరిణామం హంద్రీ-నీవా. కర్నూలు జిల్లాలోని హంద్రీ, చిత్తూరు జిల్లాలోని నీవా నదుల పేర్లు కలిపి పెట్టిన ఈ పథకం శ్రీశైలం జలాశయం నుంచి 40 టీఎంసీల కృష్ణా జలాలను మెట్టమెట్టుగా ఎత్తిపోసి రాయలసీమకు అందించడానికి ఉద్దేశించినది. (ఒక టీఎంసీ అంటే శతకోటి ఘనపుటడుగులు, వార్తలలో దీనిని క్యూసెక్కులతో కలపరాదు. క్యూసెక్కు ప్రవాహ వేగానికి కొలమానం.) పుంగనూరు, కుప్పం ఉపకాలువలు దీని కొనభాగాలు. 2025 ఆగస్టు 30న ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు కుప్పం నియోజకవర్గంలోని పరమసముద్రం వద్ద కృష్ణా జలాలకు హారతి ఇచ్చారు. కృష్ణా పరీవాహకంలోని నీరు పాలారు పరీవాహకానికి చేరడం భూగోళశాస్త్ర రీత్యా విశేషమైన సంఘటన. కాలువ నీటితో ఏ చెరువులు నిండాయి, చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం ఎన్ని అడుగులు పైకి వచ్చింది, మొరవ నీరు సాగే దారులు ఆక్రమణలు లేకుండా ఉన్నాయా అన్నవి ఇకపై ఏటా కొలవవలసిన అంశాలు. రెండు వానకాలాల ముందు, వెనుక ఎంపిక చేసిన బావులను కొలిచి నమోదు చేయడానికి టేపు, నోటు పుస్తకం, ఓపిక ఉంటే చాలును. జలవనరుల శాఖ, భూగర్భ జల శాఖ అధికారులు తమ రికార్డులను విశ్వవిద్యాలయ విభాగాలతో పంచుకుంటే విద్యార్థుల కొలతలను వాటితో పోల్చి చూడవచ్చు. అట్టి పరిశీలనల ఫలితాలను పట్టభద్రుల పేర్లతో పాటు పత్రికలు ప్రచురించడం సముచితంగా ఉంటుంది.