సూదికి జంకు రక్తదాత

కొల్లేటిలో చేపలు పట్టుచు, జెల్లముల్లు అరచేత దిగినను దానిని పెరికివైచి మరల వల విసరునట్టి మనుష్యుడు, రక్తదాన శిబిరమున సిస్టరు సూదిమూత తీయగానే ముచ్చెమటలు పోసి కుర్చీలో వ్రాలిపోవుట చూపరులకు విడ్డూరముగా తోచును. మొగల్తూరులో జన్మించిన చిరంజీవిగారు 1998లో హైదరాబాదున రక్తనిధిని నెలకొల్పిన పిమ్మట, ముదినేపల్లి మొదలు తాడేపల్లిగూడెము వరకు గల ఈ సీమలో అభిమాన కథానాయకుని పుట్టినరోజున రక్తమిచ్చుట యువకులకు వ్రతప్రాయమైనది. అట్టి గుంపులో వెనుకకు తగ్గినవానిని "మగాడివై ఉండి సూదికి భయమేమిట్రా!" అని తోడివారు ఎత్తిపొడుతురు.

ఆ మాట అన్యాయము. ముల్లు చెప్పి గ్రుచ్చుకొనదు. భయపడుటకు వ్యవధియే యుండదు. సూది యన్ననో, రానున్నదని తెలిసి, రబ్బరుపట్టీ కట్టించుకొని, చేయి చాచి ఎదురుచూడవలసినది. అదియునుగాక ఈ భయమునకు దేహధర్మములో నొక విశేషము కలదు. పామును చూచినవానికి గుండె వడిగా కొట్టుకొని రక్తపుపోటు హెచ్చును. దేహము పరుగునకు సిద్ధమగును. సూదిని, రక్తమును చూచి బెదరువారిలో పెక్కురకు పోటు తొలుత కొంత పెరిగి, వెంటనే దిగజారి, గుండె నెమ్మదించి, మెదడునకు చాలినంత రక్తమందక కళ్లు తిరుగును. ఈ లక్షణము తండ్రికిని బిడ్డకును కూడ నుండుట కద్దు. నాడీమండలపు స్వభావమును పట్టుకొని పౌరుషమును తూచుట తగునా?

కనుకనే "ఒడలు వదులుగా విడువుము" అను మన వాడుక హితవు ఇచ్చట అక్కరకు రాదు. పడిపోవు పోటును అది నిలుపజాలదు. 1980 దశకమున స్వీడను దేశపు మనస్తత్వవేత్త లార్స్‌ యోరాన్‌ ఓస్ట్‌ దీనికి సరిగా విపర్యయమైన ఉపాయమును శాస్త్రీయముగా పరీక్షించెను. చేతులు, తొడలు, పొట్ట కండరములను బిగబట్టి, ముఖమున వెచ్చదనము తోచువరకు, అనగా పది పదునైదు సెకనులు, అట్లే యుంచి, పిదప సడలించి, అరనిమిషమాగి మరల బిగించవలెను. ఊపిరి మాత్రము బిగబట్టరాదు. సూది చేతనుండగా ఆ చేతిని కదపక కాళ్లను, తొడలను బిగించిన చాలును. కెనడాలోని మెక్‌గిల్‌ విశ్వవిద్యాలయమువారు రక్తదాతలపై దీనిని పరిశీలించి, కళ్లు తిరుగుట తగ్గుచున్నదని కనుగొనిరి. ఇంటివద్దనే కొన్నినాళ్లు అభ్యసించి వచ్చినవారికి ఇది మరింత సులువు.

రక్తము తీయు సూది మామూలు ఇంజక్షను సూదికన్న లావైనదే. భయస్థునికి ఆ సత్యమును దాచుట మేలు కాదు. అయినను నొప్పి ప్రధానముగా అది దిగునప్పటిదే. పిదప పది నిమిషములలోపున, దాత బరువును బట్టి 350 గాని 450 గాని మిల్లీలీటర్లు సంచిలో చేరును. ఒక దాతకు వాడిన సూది మరియొకరికి వాడరు. ఖాళీకడుపుతో పోరాదు, కొద్దిసేపటి ముందుగా అరలీటరు మంచినీరు త్రాగిన పోటు నిలకడగా నుండును.

ఈ శ్రమయంతయు ఎవరికొరకన్న ప్రశ్నకు తలసీమియా బిడ్డలే సమాధానము. ఆ పసివారు మూడునాలుగు వారములకొకసారి, ఏండ్ల తరబడి, చేయి చాచి సూది పొడిపించుకొని పరుల రక్తముతో బ్రదుకుచున్నారు. వారికి భయము లేదనుకొందుమా? ఏలూరు రెడ్‌క్రాస్‌ రక్తనిధి వంటి చోట్ల నిలువయుండు సంచులును కొలదివారములు మాత్రమే పనికివచ్చును. కావున దాతలు వచ్చుచునే యుండవలెను.

జంకు గలవాడు మొట్టమొదటనే "సిస్టరుగారూ, నాకు సూదంటే భయమండీ" అని చెప్పవలెను. ఆమె పడుకోబెట్టి, మాటలలో పెట్టి, పని కానిచ్చును. చూపు మరల్చిన కొందరికి సుఖము, చూచుచుండిన మరికొందరికి ధైర్యము. ఎవరి తీరు వారిది. కళ్లు మసకలు క్రమ్మినచో వెంటనే లేవక, కాళ్లెత్తి పెట్టించుకొని పరుండవలెను. ఆనాటికి చేతకాకున్న రక్తపరీక్ష మాత్రము చేయించుకొని, ఇచ్చుచున్న మిత్రుని ప్రక్కన కూర్చుండి చూచి రావచ్చును. రక్తమిచ్చినవారు మరల ఇచ్చుటకు పురుషులైన 90 దినములు, స్త్రీలైన 120 దినములు ఆగవలెను గనుక, వారి వెంట రెండవమారు పోవులోపల కండరములు బిగించు అభ్యాసమునకు కావలసినంత వ్యవధి కలదు.