వీణకు గోరా? తీగ తొడుగా?

బొబ్బిలి: పనస మానులో నాదం పుట్టించిన ఖ్యాతి గొల్లపల్లిది. బొబ్బిలిని ఆనుకొని ఉన్న ఈ ఊళ్లో సర్వసిద్ధి కుటుంబాలవారు తరతరాలుగా వీణలు చెక్కుతున్నారు. ఒకే మానులో కుండ, దండి మలిచే ఏకాండి వీణ వీరి ప్రత్యేకత. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

అయితే వీణ ఎంత మంచిదైనా దాన్ని పలికించేది వేలు. ఆ వేలికి గోరు చాలునా, తీగ తొడుగు కావాలా అన్న వాదం వైణికులలో చాలాకాలంగా ఉంది. చూడ్డానికి చిన్న సంగతే. కాని ఇంటి పని, పొలం పని చేసుకునే పిల్లలకు వీణ అందుతుందా లేదా అన్నది ఇందులోనే ఇమిడి ఉంది.

ఏడు తీగలు, మూడు వేళ్లు

వీణకు తీగలు 7. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అనే 4 తీగలు పాటకు, పక్కనున్న 3 తాళానికి. మెట్లు 24, మైనంలో కూర్చి ఉంటాయి. కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు పాట తీగలను మీటితే, చిటికెన వేలు తాళం తీగల పని చూస్తుంది. ఎడమ చేయి మెట్టుమీద తీగను నొక్కి, పక్కకు లాగి గమకం పలికిస్తుంది. కృతి వాయించేటప్పుడు సాహిత్యంలోని అక్షరాలను అనుసరించి మీటు పడాలి. అందుకే పాట తెలిసినవారు వీణ వింటే మాటలు వినిపించినట్లే ఉంటుంది.

గోటి గుణం

వేలి కొన మెత్తన. దానితో మీటితే నాదం గుండ్రంగా, నిండుగా వస్తుంది. కొంచెం గోరు కూడా తగిలితే స్పష్టత పెరుగుతుంది. తీగ ఎంత బిగువుగా ఉందో, మీటు ఎంత బరువుగా పడిందో వేలికి నేరుగా తెలుస్తుంది.

చిక్కల్లా గోరు నిలవడంలోనే. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఒకసారి విరిగితే సాధన వారాల తరబడి కుంటుపడుతుంది. నాట్లు వేసే చేతికి, అంట్లు తోమే చేతికి గోరు నిలిచేదెక్కడ?

తొడుగు తీరు

సన్నని తీగను వంచి వేలి కొనకు తొడుక్కోవడం రెండో పద్ధతి. సితారు వాయించేవారి మిజ్రాబ్ ఇలాంటిదే. సరోద్‌ను కొబ్బరి చిప్పతో చేసిన బిళ్లతో మీటుతారు. గట్టి వస్తువు తగిలినప్పుడు తీగలో సన్నని స్వరాల ప్రకంపనలు ఎక్కువగా లేస్తాయి. కనుక నాదం గట్టిగా, మెరుపుగా ఉంటుంది. గోరు విరిగే బెంగ లేదు.

కాని లోహానికి లోహం తగిలి ‘టిక్కు’మనే చప్పుడు కూడా వస్తుంది. నెమ్మదిగా సాగే రాగాలాపనలో అది చెవికి అడ్డు తగులుతుంది. మైకులు లేని రోజుల్లో నాదం దూరం వినిపించడానికి తొడుగు అక్కరకు వచ్చేది. ఇప్పుడు వీణకే చిన్న మైకు అమర్చుకుంటున్నారు. మెత్తని మీటు కూడా చివరి వరుసకు చేరుతోంది. అయితే తొడుగు చప్పుడును సైతం ఆ మైకు దాచదు.

మధ్యే మార్గం

మొదట వట్టి వేలితో నాదం ఎలా ఉండాలో చెవికి పట్టించుకోవడం మంచిది. నాట్ల రోజుల్లో, గోరు విరిగినప్పుడు తొడుగు వాడుకోవచ్చు. తొడుగుతో నాదం మరీ కరుకుగా ఉంటే, గుర్రానికి దగ్గరగా మీటకుండా చేతిని కాస్త మెట్లవైపు జరిపితే మెత్తబడుతుంది. తొడుగు వదులుగా ఉంటే చప్పుడు హెచ్చుతుంది. బిగువుగా ఉంటే వేలు నొప్పి పెడుతుంది. ఎవరి వేలికి తగ్గట్టు వారు వంచుకోవాలి.

మన జిల్లాలో సంగీత విద్యకు లోటు లేదు. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడుగా 1919లో విజయనగరంలో వెలసిన సంగీత కళాశాల ఉండనే ఉంది. గోరు లేని చేతికి వీణ రాదనే మాట పిల్లల చెవిన పడకుండా పెద్దలు, గురువులు చూడవలసి ఉంది. గొల్లపల్లిలో పుట్టిన వీణ ఎక్కడెక్కడికో వెళ్తోంది. చుట్టుపక్కల పల్లెల్లోని పిల్లల ఒడిలోకి రావడానికి గోరు అడ్డు కారాదు.